ట్యాంకర్ డ్రైవర్‌కి ఏది మేలు: నెల జీతమా, ట్రిప్పు లెక్కా?

ఒంగోలు, కావలి, నెల్లూరు బంకులకి పెట్రోలు, డీజిల్ తోలే ట్యాంకర్ మీద పనికి వెళ్తే ఓనరు ముందు ఒక్క అంకే చెబుతాడు. నెలకి ఇంత అనో, ట్రిప్పుకి ఇంత అనో. మన కుర్రాళ్లు ఆ అంకె చూసే ఒప్పుకుంటారు. కానీ ఆయిల్ బండి మీద వచ్చే డబ్బుకి చాలా మెలికలు ఉంటాయి. లోడింగ్ దగ్గర ఆగిన గంటలకి ఎవరిస్తారు, దించేటప్పుడు సరుకు తక్కువ పడి షార్టేజీ వస్తే ఎవరు కడతారు, రేపు ఏమైనా జరిగితే ఇంట్లోవాళ్లకి ఏం మిగులుతుంది అన్నవి తేలకుండా ఆ అంకెకి అర్థం లేదు.

ముందు వట్టి లెక్క చూద్దాం. ఒకచోట నెలకి 16,000 జీతం, ట్రిప్పుకి 400 బత్తా అన్నారనుకోండి. ఇంకోచోట జీతం లేదు, ట్రిప్పుకి 1,400 అన్నారు. నెలకి 16 ట్రిప్పులు పడితే రెండూ సమానం, 22,400. 20 ట్రిప్పులు పడితే మొదటిచోట 24,000, రెండోచోట 28,000. అదే 10 ట్రిప్పులే పడితే మొదటిచోట 20,000 వస్తుంది, రెండోచోట 14,000తో సరిపెట్టుకోవాలి. మీకు చెప్పిన అంకెలు వేరేగా ఉన్నా పద్ధతి ఇదే. ట్రిప్పు రేటులోంచి బత్తా తీసేసి, మిగిలినదానితో నెల జీతాన్ని భాగించండి. వచ్చిన అంకె కంటే ఎక్కువ ట్రిప్పులు ఏడాది పొడుగునా ఖాయంగా పడతాయంటేనే ట్రిప్పు లెక్క గిట్టుబాటు.

ఖాయంగా పడతాయా అన్నదే ప్రశ్న. ఒంగోలు నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లి టెర్మినళ్లకి, అంటే ఆయిల్ కంపెనీల డిపోలకి, రానూపోనూ సుమారు 330 కిలోమీటర్లు. రోడ్డు మంచిదే, చక్రాలు కదిలితే దూరం పెద్ద లెక్క కాదు. టైమంతా ఆగిన చోట పోతుంది. ఇండెంట్ (బంకు పెట్టే సరుకు ఆర్డరు) పడాలి, వరసలో నంబరు రావాలి, లోడయ్యాక సీళ్లు వేయాలి, బంకుకి వచ్చాక బండి నిలకడకి వచ్చి డిప్ (కొలకర్రతో ట్యాంకులో ఆయిల్ మట్టం) చూసి దించాలి. ఆదివారాలు, పండగలు మామూలుగా లోడింగ్ ఉండదు. బంకులో అమ్మకం తగ్గితే ఇండెంటే పడదు. వీటిలో ఏదీ డ్రైవర్ చేతిలో లేదు. అయినా ట్రిప్పు లెక్కలో ఆ నష్టమంతా అతని జేబులోంచే పోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో నెల జీతం ఉన్నవాడి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ట్రిప్పు మనిషికి రూపాయి రాదు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ట్రిప్పుకి ఇంత అన్నప్పుడు తొందరకే డబ్బులిస్తున్నట్టు. నిద్ర ఆపుకుని ఇంకో లోడుకి పరిగెత్తితేనే నెల గడుస్తుంది. గ్రానైట్ లారీ అయినా అది తప్పే, కానీ వెనక 12 వేల లీటర్లో 20 వేల లీటర్లో పెట్రోలు ఉన్న బండి సంగతి వేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని పెట్టింది. దూరపు రూట్లకి కొంత సడలింపు ఇచ్చినా ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఇవ్వాలంది. ఇప్పుడు ఆ విషయాలు కొత్త లేబర్ కోడ్‌లలోకి చేరాయి. ట్రిప్పు లెక్కలో గంటలు రాసేవాడే ఉండడు, ఇక ఓవర్‌టైమ్ మాటెక్కడిది?

కొందరు ఓనర్లు ఈ రెండూ కాకుండా డీజిల్ లెక్క పెడతారు. బండికి లీటరుకి 4 కిలోమీటర్లు అని కట్టి డీజిల్ పోయిస్తారు, మిగిలింది డ్రైవర్‌ది. 330 కిలోమీటర్లకి 82 లీటర్ల చిల్లర. లీటరుకి 4.3 తీయగలిగితే 6 లీటర్ల దాకా మిగులుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవర్‌కి ఇది న్యాయమైన ఆదాయమే, నేను తప్పు పట్టను. అయితే ఇది జీతం మీద అదనంగా ఉండాలి, జీతం బదులు కాకూడదు. ఇదే బతుకుతెరువు అయితే ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా న్యూట్రల్‌లో వదిలే అలవాటు పడుతుంది. సగం నిండిన ట్యాంకు అరలో ఆయిల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, న్యూట్రల్‌లో ఉన్న బండిని ఒక్క బ్రేకు మీదే ఆపాలి. ఆ ప్రమాదం ముందు ఆ 6 లీటర్లు ఎంత?

ఇక షార్టేజీ. డ్రైవర్లు కన్నీళ్లు పెట్టుకునేది ఎక్కువగా దీని దగ్గరే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే వెయ్యి లీటర్లకి సుమారు లీటరు తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో 12 వేల లీటర్లు లోడు చేసి, తెల్లవారుజామున దించేసరికి సరుకు 4 డిగ్రీలు చల్లబడిందంటే డిప్‌లో 50 లీటర్ల దాకా తక్కువ కనబడుతుంది. ఎవరూ చుక్క తీయలేదు. అయినా బంకువాళ్లు ట్రాన్స్‌పోర్టుని అడుగుతారు, ట్రాన్స్‌పోర్టు డ్రైవర్‌ని పట్టుకుంటుంది. లీటరు వంద పైనే ఉన్నప్పుడు 50 లీటర్లంటే 5,000 దాటుతుంది. పైన చెప్పిన 1,400 లెక్కలో దాదాపు నాలుగు ట్రిప్పుల సంపాదన ఒక్క రాత్రిలో పోయినట్టే.

ఇక్కడే నెల జీతానికి బలం ఉంది. సరుకు పోయిందని జీతంలో కోయాలంటే, అది ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలని, ముందు అతని వివరణ అడగాలని వేతనాల చట్టం చెబుతుంది. మొత్తం కోతలు మామూలుగా జీతంలో సగం దాటకూడదు. జీతం కాగితం మీద ఉంటే ఈ మాట అడగొచ్చు. ట్రిప్పు డబ్బులు చేతికిచ్చేచోట అసలు ఏ నెల ఎంత కోశారో చూపించడమే కష్టం. ఎక్కడ చేసినా లోడింగ్ అప్పటి ఉష్ణోగ్రత, డిప్, సీలు నంబర్లు చలానా మీద ఉన్నాయో లేదో చూసుకోండి. దించే ముందు బంకు మనిషి చేత సంతకం పెట్టించుకోండి, ఫోటో తీసి దాచుకోండి.

జీతం తక్కువ చూపించి బత్తా ఎక్కువ ఇచ్చే ఓనర్లు కూడా ఉన్నారు. చేతికి అంతే వస్తోంది కదా అనిపిస్తుంది. నష్టం ఎక్కడో చూడండి. డ్యూటీలో డ్రైవర్ చనిపోతే కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 1923 నాటి చట్టం నెల వేతనంలో సగాన్ని వయసు ఫ్యాక్టర్‌తో, అంటే వయసుని బట్టి చట్టం పెట్టిన అంకెతో, గుణించి కట్టేది. 2025 నవంబరు నుంచి అదీ కొత్త లేబర్ కోడ్‌లలోకి చేరింది. ఆ చట్టం లెక్కకి తీసుకున్న వేతనం గరిష్ఠంగా 15,000. 35 ఏళ్లకి ఫ్యాక్టర్ 197.06. ఆ లెక్కన వేతనం 15,000 అయితే 14,77,950 వస్తుంది. కాగితం మీద 8,000 అని ఉంటే 7,88,240. తేడా దాదాపు 6 లక్షల 90 వేలు. ప్రయాణ భత్యాన్ని ఆ చట్టం వేతనంలో కలపలేదు, కాబట్టి బత్తా మీద ఆశ పెట్టుకోలేం. ఆ లక్షలు పిల్లల చదువులవి. పీఎఫ్ కడితే దాంతో పాటు 7 లక్షల దాకా బీమా కూడా ఉంటుంది. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ ఉంటే ఇంటిల్లిపాదికీ వైద్యం. కేవలం ట్రిప్పు మీద తోలేవాడికి ఇవి కట్టే ఓనర్లు బహు తక్కువ.

కాబట్టి నా మాట నెల జీతం, దాని మీద ట్రిప్పు బత్తా. జీతం 15,000కి తగ్గకుండా బ్యాంకులో పడాలి. ట్రిప్పు లెక్కకి ఒప్పుకోవచ్చని నేననే సందర్భం ఒక్కటే: బండికి వరసగా లోడ్లు ఉండి, ఆగిన రోజుకి ఇంత అని కాగితం మీద రాసిస్తే. సొంత బండి పెట్టుకున్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు, దాన్ని ఇక్కడ కలపను.

బంకు ఓనరు సొంత ట్యాంకరా, ఆయిల్ కంపెనీ టెండరు ఉన్న ట్రాన్స్‌పోర్టా అని కూడా అడుగుతుంటారు. బంకు బండి మీద అయితే ఊరికి దగ్గర, చాలా రాత్రులు ఇంట్లోనే పడుకోవచ్చు. కాకపోతే ఆ ఒక్క బంకు అమ్మకాన్ని బట్టే ట్రిప్పులు, కాబట్టి అక్కడ నెల జీతం తప్ప ఇంకో మాటకి ఒప్పుకోవద్దు. ట్రాన్స్‌పోర్టులో లోడ్లు ఎక్కువ, పీఎఫ్, ఈఎస్ఐ అడగడానికి ఆధారం ఉంటుంది. పెళ్లీడు కుర్రాడికి ట్రాన్స్‌పోర్టు మేలు. బడికెళ్లే పిల్లలున్నవాడికి, జీతం సరిగా ఉంటే, బంకు బండే మేలంటాను.

ఒప్పుకునే ముందు ఇంకో రెండు విషయాలు తేల్చుకోండి. క్లీనర్ డబ్బులు ఓనరు ఇస్తాడా, మీ ట్రిప్పు రేటులోంచే పోతాయా? చాలాచోట్ల 1,400 అన్నది ఇద్దరికీ కలిపి అని తర్వాత తెలుస్తుంది. రెండోది అడ్వాన్సు. చేరేటప్పుడే 50 వేలు ఇస్తామంటే తీసుకోవద్దు. అది తీరేదాకా షార్టేజీ కోతలు అన్యాయమని తెలిసినా నోరెత్తలేరు, బండి మారలేరు.