జున్నుకి ఇల్లు వెతికిపెట్టిన రీహోమింగ్ సర్వీసు: నచ్చినవీ, విసిగించినవీ

బెంగళూరులో పెంపుడు కుక్కలకి కొత్త ఇల్లు చూసిపెట్టే ఒక చిన్న వాలంటీర్ల సర్వీసు గురించి ఇది. మా తమ్ముడు ఆన్‌సైట్‌కి, అంటే కంపెనీ పని మీద విదేశానికి, వెళ్తూ జున్నుని మాకు అప్పగించాడు. ఏడాది నిండిన లాబ్-ఇండీ క్రాస్ (లాబ్రడార్, మన నాటు కుక్క కలిసిన జాతి), బంగారం లాంటి కుక్క, అదీ మనిషి కళ్ళముందు ఉన్నంతసేపే. మేమిద్దరం ఆఫీసుకి బయల్దేరి తలుపేస్తే చాలు, ఊళలు, తలుపు గీకుడు, నేలంతా చొంగ. బెల్లందూర్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా మా మీద కంప్లైంట్లే. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, నిజమే, కానీ పక్కింటి పసిపిల్ల నిద్రపోవట్లేదంటే ఆ సర్క్యులర్ చూపించి ఏం మాట్లాడతాం?

అందుకే ఈ సర్వీసు వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ ఫారం మాత్రం చాంతాడంత ఉంది. టీకాలు, ఆపరేషన్ అయిందా లేదా లాంటివి ఎవరైనా అడుగుతారు, వీళ్ళు కుక్కని ఒంటరిగా వదిలి వీడియో తీసి పంపమన్నారు. పాత ఫోన్ టీవీ పక్కన పెట్టి తీశాం. అది చూసి వాళ్ళ బిహేవియరిస్ట్ (కుక్కల ప్రవర్తన తెలిసినావిడ), మనం వెళ్ళిన అరగంటలోపే గోల మొదలై, అదీ తలుపు దగ్గరే జరుగుతుంటే అల్లరి అనుకోవద్దండీ, భయం అది, అంది. బోరు కొట్టి చెప్పులు కొరికే కుక్కయితే మనం ఇంట్లో ఉన్నా కొరుకుతుందట. క్రేట్‌లో, అంటే కమ్మీల బోనులో, పెట్టి వెళ్ళమని మాకు చెప్పని చుట్టం లేడు. ఆవిడ గట్టిగా వద్దంది, ఇలాంటి కుక్కలు కమ్మీలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటాయట. తోడుగా ఇంకో కుక్కని తెచ్చినా ఖాయంగా తగ్గుతుందని లేదు, చాలావాటికి బెంగ మనిషి మీదే.

ప్రకటనలో రెండో లైన్లోనే సెపరేషన్ యాంగ్జైటీ, అంటే మనిషి వదిలి వెళ్తే వచ్చే భయం, అని రాసేశారు. "ఇలా రాస్తే ఎవరొస్తారండీ?" అన్నారు మా ఆయన వాళ్ళతోనే. ఫోన్లు తక్కువే వచ్చాయి. అయినా దాచిపెట్టి ఇచ్చిన కుక్క మళ్ళీ మన గుమ్మం ముందుకే వస్తుంది, ఈలోపు దానికి ఇంకో ఇల్లు మారిన భయం కూడా తోడవుతుంది. నేను ఫీజు కట్టింది ఈ నిజాయితీకే అనుకుంటున్నా.

కనకపుర రోడ్డులో ఫామ్‌హౌస్ ఉన్నాయన ఒకరు వచ్చారు, మన నెల్లూరు వైపు వాళ్ళే, "రెండెకరాలమ్మా, హాయిగా తిరుగుతుంది" అన్నారు. మా ఇంట్లో అందరికీ నచ్చేసింది. కోఆర్డినేటర్ అడిగింది ఒక్కటే, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ ఎవరుంటారు సార్ అని. వాచ్‌మన్, అదీ రాత్రిళ్ళు. అక్కడితో కొట్టేశారు. చివరికి విద్యారణ్యపురలో రిటైరైన దంపతులు కుదిరారు, అనంతపురం వాళ్ళు, రెండు గదుల ఇల్లు, ఆంటీ దాదాపు రోజంతా ఇంట్లోనే ఉంటారు.

వెంటనే కాగితాల్లో యజమాని పేరు మార్చేయకుండా ముందు ట్రయల్ పెట్టారు. అందులో ఆంటీకి నేర్పించినవి చూస్తే మొదట నవ్వొచ్చింది: తాళాలు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేయడం, చెప్పులేసుకుని వెళ్ళి సోఫాలో కూర్చోవడం. కుక్క వీటిని పట్టించుకోవడం మానేశాక తలుపు అవతల కొన్ని సెకన్లు, తర్వాత నిమిషాలు, అదీ జున్ను కంగారు పడకముందే లోపలికి వచ్చేయాలి. అంకుల్ దీన్ని డ్యూటీలా చేశారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి కూరగాయల బండి దాకా వెళ్ళొస్తున్నారు, పెళ్ళిళ్ళకి మాత్రం ఇంకా ఒకరే వెళ్తున్నారు.

ఇక విసుగు. శని, ఆదివారాలు తప్ప ఫోనెత్తరు. పెట్ ట్యాక్సీ ఖర్చు మనదేనని చివర్లో చెప్పారు, బెల్లందూర్ నుంచి విద్యారణ్యపురకి అది తక్కువేం కాదు. దత్తత ఒప్పందం ఇంగ్లీషులోనే ఉంది, అంకుల్‌కి నేను పక్కన కూర్చుని ఒక్కో పాయింటూ తెలుగులో చెప్పాల్సొచ్చింది. కన్నడలో కూడా లేదు, బెంగళూరులో!

తొందరలో ఉన్నవాళ్ళకి ఈ సర్వీసు పనికిరాదు, వచ్చే వారం ఫ్లైట్ ఉందంటే వీళ్ళు ఏమీ చేయలేరు, కాబట్టి టికెట్ బుక్ చేయకముందే ఫారం నింపండి. ఇంకొకటి, జున్నుకి డాక్టర్ ఆ భయం తగ్గడానికి ఫ్లూయోక్సెటిన్ అనే మందు రాశారు, అది పనిచేయడానికే వారాలు పడుతుంది. మీ కుక్కకీ అలాంటి మందు నడుస్తుంటే ప్రిస్క్రిప్షన్, మిగిలిన మాత్రలు కొత్త ఇంటివాళ్ళ చేతికే ఇవ్వండి, డాక్టర్‌ని అడక్కుండా ఉన్నట్టుండి ఆపకూడదు. మా దగ్గర వీళ్ళు అది అడగలేదు, మేమే గుర్తుపెట్టుకుని ఇచ్చాం.