తెవికీలో (తెలుగు వికీపీడియాలో) కొత్తవాళ్లు నిలవాలంటే: వర్క్‌షాపా, పోటీయా, వెంట ఒక మనిషా?

"మా కాలేజీలో తెవికీ వర్క్‌షాప్ పెట్టమంటారా, పోటీ పెట్టి బహుమతులివ్వమంటారా?" అని లెక్చరర్లు, లైబ్రేరియన్లు తరచూ అడుగుతుంటారు. రెండింటికీ జనం వస్తారు. నెల తిరిగాక ఎంతమంది రాస్తున్నారన్నదే నేను చూసేది.

వర్క్‌షాప్‌తో బెరుకు పోతుంది. తెలుగులో టైపు చేయడం, రాసినదానికి మూలం (ఆధారం) చేర్చడం స్వయంగా చేసి చూస్తారు. అయితే ఒకే ఐపీ నుంచి, అంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి, రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తుంది వికీపీడియా. ముందే మినహాయింపు అడగకపోతే ల్యాబ్‌లో ఏడో విద్యార్థి దగ్గర పని ఆగిపోతుంది. దీన్ని సర్దుకోవచ్చు. సాయంత్రం గ్రూప్ ఫోటో దిగి ఇళ్లకు వెళ్లాక, డౌట్ వస్తే అడగడానికి మనిషి లేకపోవడమే అసలు లోటు.

పోటీలు పాతవాళ్లకు మంచి ఊపు. ఆసియా దేశాల గురించి వ్యాసాలు రాసే ఏషియన్ మంత్ పోటీలో ఇచ్చిన ఒక్క పోస్టుకార్డు కోసం ఇష్టంగా రాసినవాళ్లున్నారు. కొత్తవాళ్లకు పెద్ద బహుమతి చూపిస్తే మాత్రం యంత్రానువాదాన్ని అలాగే దించేస్తారు. దాన్ని బాగుచేసే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది.

నా ఓటు మూడోదానికే. కొత్తవాళ్ల తొలి దిద్దుబాట్లను ఒక పాత వికీపీడియన్ వెంట ఉండి చూడాలి. ఇంగ్లీషు వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో పతాకస్థాయికి చేరి, తర్వాత ఏళ్ల తరబడి తగ్గుతూ పోయింది. మంచి ఉద్దేశంతో చేసిన మార్పులను కూడా తీసేయడం, పలకరింపు బదులు రెడీమేడ్ హెచ్చరికలు పెట్టడం అందుకు ముఖ్య కారణాలని పరిశోధకులు తేల్చారు. మన తెవికీలో అసలే మనుషులు తక్కువ.

డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు తన ఊరి పేజీలో జాతర గురించి నాలుగు వాక్యాలు రాసి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎక్కించిందనుకోండి. మూలం లేదని వాక్యాలు పోతాయి, లైసెన్సు లేదని ఫోటో పోతుంది, ఆమెకు సందేశాలు పెట్టే చర్చా పేజీలో రెండు మూసలు (రెడీమేడ్ హెచ్చరికలు) పడతాయి. ఆ అమ్మాయి మళ్లీ ఎందుకొస్తుంది? అదే రోజు ఎవరైనా ఇలా రాస్తే సంగతి వేరు: "మీ మొదటి రెండు వాక్యాలు ఉంచానండి. 'మా ఊరు' అన్నచోట 'ఈ గ్రామం' అని మార్చాను. జాతర వార్త ఏ పేపర్లోనైనా వచ్చిందా? ఫోటో మీరే తీసి ఉంటే ఫోన్‌లోంచి నేరుగా ఎక్కించండి." అప్పుడు ఆ అమ్మాయి పాత పేపర్లు వెతకడం మొదలుపెడుతుంది.

ఇది నిదానంగా సాగే పని. ఒక్కరు ముగ్గురు నలుగురిని మించి చూసుకోలేరు, రిపోర్టులో చూపించడానికి పెద్ద అంకెలూ రావు. అయినా నా మాట ఇదే.



వర్క్‌షాప్ పెట్టి తీరాలంటే వందమందితో వద్దు, పదిమందితో పెట్టండి. ముందే తెవికీ రచ్చబండలో (అందరూ మాట్లాడుకునే పేజీలో) అడిగి, తర్వాతి నెలంతా ఆ పదిమంది చర్చా పేజీలు చూసే ముగ్గురిని మాట్లాడుకోండి. వాళ్లు దొరికాకే తేదీ ఖాయం చేయండి.