నీటి మొక్కల కోసం చెన్నై వెళ్లాలా, కొరియర్ చాలా: ఏది మేలు?

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో అక్వేరియంలో మొక్కలు పెంచడం మొదలుపెట్టిన ప్రతివారూ కొద్ది రోజుల్లోనే అడిగే ప్రశ్న ఇది. మొక్కల కోసం పనిగట్టుకుని చెన్నై వెళ్లాలా, ఫోనులో ఆర్డరు పెడితే సరిపోదా? అడిగేవారిలో సగం మంది వెళ్లాలని ముందే నిశ్చయించుకుని ఉంటారు. ఇంట్లో చెప్పుకోవడానికి ఒక కారణం కావాలి, అంతే. వారికి కారణాలు దొరుకుతాయి, కొంచెం ఓపిక పట్టండి.

ఊళ్లో దుకాణాల సంగతి ముందే తేల్చేద్దాం. మేత, ఫిల్టరు, గొట్టాలు, క్లోరిన్ విరిచే మందు అక్కడే కొనండి. మొక్కలు మాత్రం పేరు అడిగి, తెలుసుకుని కొనండి. గాజు తొట్టిలో నిలబెట్టి అమ్మే లక్కీ బాంబూ నీటి మొక్క కాదు. డ్రసీనా జాతికి చెందిన ఆ మొక్క వేళ్లు తడిసి ఆకులు గాలిలో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. నిలువునా ముంచితే మెల్లగా కుళ్లిపోతుంది. ఊదా రంగు ఆకుల హెమిగ్రాఫిస్ కథా అంతే. కుళ్లిన ఆకు నీటిలో చేపలకు విషమైన అమోనియాను పెంచుతుంది. ఆ తరువాత ఏమవుతుందో రొయ్యల చెరువుల మధ్య పెరిగిన మనకు ఒకరు చెప్పనవసరం లేదు.

కొరియర్ మీద చాలామందికి ఉన్న అనుమానం కొంత అన్యాయమైనది. టిష్యూ కల్చర్ కప్పులనే తీసుకోండి. ప్రయోగశాలలో జెల్లీలో పెంచిన ఆ మొక్కలకు నత్త గుడ్లూ ఉండవు, పాచీ అంటుకుని రాదు. చెన్నై వెళ్లి కొన్నా మీ చేతికి వచ్చేది అదే కప్పు. రోటాలా, హైగ్రోఫిలా, లుడ్విజియా వంటి కాడ మొక్కలకూ ప్రయాణం పెద్ద బాధ కాదు. ఆకులు రాలినా కణుపు పచ్చగా ఉంటే చాలు, అక్కడి నుంచి చిగురు వేస్తాయి. తడి కాగితంలో చుట్టి సంచిలో మూసి పంపితే రెండు మూడు రోజుల చీకటిని తట్టుకుంటాయి. ఎరువులు, లైట్లు, కత్తెరల కోసమైతే బస్సు ఎక్కడం దండగ.

కొరియర్‌ను ఓడించేది ఎండ. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ వేడిలో రేకుల గోదాములో ఒక మధ్యాహ్నం గడిపితే, నేల మీద తివాచీలా పరుచుకునే చిన్న ఆకుల మోంటే కార్లో మొక్క పెట్టె విప్పేసరికి ఉడికిన తోటకూరలా ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు వారికి పెట్టె చేరడానికి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఏ కాలంలో తెప్పించుకున్నా సోమవారం పంపమని అడగండి. శుక్రవారం పంపిన పెట్టె ఆదివారమంతా ఎక్కడో పడి ఉంటుంది.

ఇక ప్రయాణం. చెన్నైలో రంగు చేపల వ్యాపారానికి పేరున్న చోటు కొళత్తూరు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచైతే 290 దాకా ఉంటుంది. ఈ పని మీద వెళ్లేవారికి రైలు కంటే బస్సు నయమని నా లెక్క. రైలులో సెంట్రల్‌లో దిగి మళ్లీ ఊరంతా వెనక్కి రావాలి. ఆంధ్ర బస్సులు ఆగే మాధవరం నుంచి రెట్టేరి మీదుగా కొళత్తూరు దగ్గరే. దుకాణాలు చాలా ఉన్నా మొక్కలనే నమ్ముకున్నవి కొన్నే. వాటిలో ఏది మీ ప్రయాణానికి తగినదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒకటే: అక్కడ నెలల తరబడి నడుస్తున్న ట్యాంకు ఉందా?

సరుకు ఎంత ఉంది, ధర ఎంత తక్కువ అన్నవి నాకు ఆ తరువాతి సంగతులు. నర్సరీల్లో చాలా మొక్కలను ఆకులు నీటి పైన గాలిలో ఉండేలా పెంచుతారు. అలా అయితే త్వరగా పెరుగుతాయి, పాచి పట్టదు, పంపడం సులువు. వాటిని మన ట్యాంకులో ముంచాక పాత ఆకులు కరిగిపోయి, నీటికి తగిన కొత్త ఆకులు రావాలి. రోటాలా రొటండిఫోలియా గాలిలో గుండ్రటి ఆకులు వేస్తుంది, నీటిలో సన్నటి ఆకులు. దుకాణంలో గుండ్రటి ఆకుల కట్ట చూసి మురిసినవారు రెండు వారాల తరువాత అదే మొక్కను గుర్తుపట్టలేరు. నడుస్తున్న ట్యాంకు ముందు పది నిమిషాలు నిలబడితే ఈ మొక్క చివరికి ఎలా ఉంటుందో, ఎంత ఎత్తు పెరుగుతుందో, పక్క మొక్కకు ఎంత నీడ వేస్తుందో కంటితో చూడవచ్చు. ఫోటో ఈ పని చేయదు. ట్యాంకులో మొక్కలు, రాళ్లతో తోట తీర్చే ఈ కళకు దారి వేసిన జపాన్ వాడు తకాషి అమానో స్వయంగా గొప్ప ఫోటోగ్రాఫరు. ఆయన ట్యాంకుల చిత్రాలు చూసి ప్రపంచంలో ఎంతోమంది ఇందులో దిగారు. అయితే ఫోటో తీసేది ట్యాంకు అందం పండిన రోజున. దానికి ముందు నెలల్లో ఏమి కరిగిందో, ఎక్కడ పాచి పట్టిందో ఫోటోలో ఉండదు. దుకాణంలో ఉంటుంది, దాచిపెట్టకపోతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దుకాణాల్లో అందమైన ట్యాంకులు తరచుగా ఏసీ గదిలో ఉంటాయి. నీరు 24, 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. మీ హాల్లో మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీరు 32 దాటుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ తక్కువగా కరుగుతాయి. కుళ్లేది వేగంగా కుళ్లుతుంది. అక్కడ తివాచీలా పరుచుకున్న మొక్క ఇక్కడ పసుపెక్కితే దుకాణదారును తప్పుపట్టలేం. అందుకే వెళ్లినప్పుడు ఏసీ లేని వరుసలో ఏవి బాగున్నాయో చూపించమని అడగండి. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, అనూబియాస్, జావా ఫెర్న్ చాలాసార్లు అక్కడే కనిపిస్తాయి. మన ఊళ్లకు నమ్మకమైనవీ అవే. ఈ ఒక్క ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పే దుకాణానికి రెండోసారి వెళ్లవచ్చు.

అనూబియాస్, బుసెఫలాండ్రా, క్రిప్టోకోరైన్ కొనాలంటే నేను ప్రయాణం వైపే మొగ్గుతాను. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, ఖరీదూ ఎక్కువే. ఒక ఆకు పోతే మరొకటి రావడానికి వారాలు పడుతుంది. అనూబియాస్ దుంపకాడను, అంటే వేళ్లూ ఆకులూ పుట్టే లావుపాటి అడ్డకాడను, వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగబడినా, వాసన వచ్చినా ఆకులు ఎంత నిగనిగలాడినా పక్కన పెట్టేయండి. కొరియర్‌లో ఆ పరీక్ష చేసేసరికి డబ్బు చెల్లించేసి ఉంటాం.

నీటి గురించి కూడా అడగాలి. దుకాణంలో వాడేది శుద్ధి చేసిన నీరా, బోరు నీరా? కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ మీదుగా మన వైపు నీరు చెన్నైకి వెళుతుంది, మనం మొక్కల కోసం అదే దిక్కున బస్సు ఎక్కుతాం. అంతమాత్రాన దుకాణం తొట్టిలోని నీరూ మీ బోరు నీరూ ఒకటి కావు. తీరం వెంబడి బోర్లలో ఉప్పు, గట్టిదనం (నీటిలో కరిగిన సున్నం వంటి లవణాలు) ఎక్కువ. మన జిల్లాల్లో రొయ్యల రైతుల కోసం ఉన్న ఆక్వా ల్యాబుల్లో గట్టిదనం, ఆల్కలినిటీ పరీక్ష చేయించుకోవచ్చు. ఆ చీటీ జేబులో పెట్టుకుని వెళ్తే దుకాణదారుతో మాట నేరుగా పనిలోకి దిగుతుంది.

ట్యాంకులో అమర్చే రాళ్ల కోసం మాత్రం చెన్నై వెళ్లకండి. పలకలకు పేరు మోసిన మార్కాపురం మనకు ఉండగా, అక్కడి పొరల రాయిని వదిలి విదేశీ పేరున్న రాళ్లను కిలోల లెక్కన మోసుకొస్తారెందుకో నాకు అర్థం కాదు. గూడూరు వైపు తెల్లటి పలుగురాయి దొరుకుతుంది. ఏ రాయి తెచ్చినా దాని మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అది సున్నపురాయి, నీటి గట్టిదనం పెంచుతుంది. ఇళ్లలో పరిచే కడప బండ ఆ కోవలోదే. కొయ్య ముక్కలు మాత్రం తిప్పి చూసి, చేతితో ఎంచుకోవాల్సినవే. అందుకు ప్రయాణం తగినదే.

హైదరాబాద్, బెంగళూరులో మంచి దుకాణాలు ఉన్నాయి. వేరే పని మీద వెళితే చూసి రండి. ఒంగోలు వారికి విజయవాడ దగ్గర, సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ కూడా పరీక్ష అదే: నెలల తరబడి నడుస్తున్న ట్యాంకు ఉందా? తోటి అభిరుచి గలవారు కత్తిరించి పారేసే కాడలు అన్నిటికంటే చవక, పైగా మన వేడికి అప్పటికే అలవాటు పడినవి. మీ దగ్గర మిగిలినవి పంచండి గాని పెన్నాలోనో కాలువలోనో వదలకండి. గుర్రపుడెక్క ఒక్కటి చాలు మనకు.

చెన్నై వెళ్లదలచుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలలు అనువు. తుపాన్ల గొడవ తగ్గుతుంది, ఎండ ముదరదు. మొదటిసారి వెళ్లేటప్పుడు తక్కువ డబ్బు, ఎక్కువ సమయం పెట్టుకుని ఉదయపు బస్సుకు బయలుదేరండి. థర్మోకోల్ పెట్టె ఒకటి వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో దాన్ని సామాన్ల అరలో పడేయకుండా కాళ్ల దగ్గరే పెట్టుకోండి. ఇంటికి చేరాక ఎంత అలసటగా ఉన్నా, మొక్కలను విడిగా ఒక బక్కెట్టు నీటిలో వేసి, ఆకుల అడుగున నత్త గుడ్ల జిగురు ఉందేమో చూశాకే ట్యాంకులో నాటండి.