లోపలి డోర్ హ్యాండిల్: ఐదేళ్లు నిలిచిన మరమ్మతు

మా కారు 2004 మోడల్, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించుకున్నాం, ఆ గడువు అయ్యాక మరో ఐదేళ్లకు. రోజూ తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా విజయవాడ వెళ్లి వస్తుంది. ఇంజిను ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. నన్ను బాగా విసిగించింది లోపలి డోర్ హ్యాండిల్. వదులై ఊగేది, బిగిస్తే పది రోజులు ఉండేది, మళ్లీ ఊగేది. ముందు రెండు తలుపులదీ ఇదే వరస. మూడు రకాలుగా బాగుచేశాను, మూడూ నిలవలేదు. నాలుగోసారి, 2020 నవంబరులో చేసిన పని మాత్రం ఈరోజుకీ గట్టిగా ఉంది. అందులో కొత్త హ్యాండిల్ చేసిన మేలు కొంతే. అసలు పని తలుపు లోపల జరిగింది.

హ్యాండిల్ ఊగితే ఏముందిలే అని నేనూ చాలాకాలం ఊరుకున్నాను. 2018 శ్రావణంలో అమ్మని కనకదుర్గమ్మ గుడికి తీసుకెళ్లాను. కొండ కింద కారు ఆపి, పూలు తెస్తానని దిగాను. వచ్చేసరికి అమ్మ ఎడమ సీటులో చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది, చేతిలో ఊడిపోయిన హ్యాండిల్. ఆమెకి ఆయాసం. కంగారులో గ్లాస్ దింపుకోవాలన్న సంగతి కూడా తట్టలేదట. నేను వెళ్లింది ఐదు నిమిషాలే, బయటి నుంచి తలుపు వెంటనే తెరుచుకుంది. కానీ ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. లోపలి హ్యాండిల్ అంటే మనిషి బయటపడే దారి. అద్దం పగిలితే రేపు వేయించుకోవచ్చు, ఇది మాత్రం ఆ రోజే చూసుకోవాలి.

మొదట చేసింది అందరూ చేసేదే. హ్యాండిల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నె లోపల ఒకే ఒక స్క్రూ ఉంటుంది. స్టార్ స్క్రూడ్రైవర్‌తో బిగించబోతే గిరగిరా తిరిగింది, మర పట్టలేదు. చెక్క తలుపు బందులకి చేసినట్టు కన్నంలో అగ్గిపుల్ల విరిచి పెట్టి బిగించాను. మూడు వారాలు ఆగింది. రెండోసారి రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీతో గిన్నెని తలుపుకి అతికించేశాను. రాయిలా గట్టిపడింది, ఏడు నెలలు నిలిచింది కూడా. కానీ మే నెల ఎండలో రేకు ఒకలా సాగుతుంది, ప్లాస్టిక్ ఒకలా సాగుతుంది. ఒకరోజు పుట్టీ ముక్క మొత్తం పెచ్చులా ఊడి వచ్చింది. పైగా దాన్ని గీకి తీయడానికి ఓ ఆదివారం పూర్తిగా పోయింది. మూడోసారి 8 నంబర్ స్క్రూ బదులు ఇంకాస్త లావుది, 10 నంబర్ ఎక్కించాను. అంటే 4.2 మిల్లీమీటర్ల చోట 4.8. బిగుసుకుంది, సంతోషించాను. రెండు నెలలకి స్క్రూ కూర్చునే గిన్నె చెవి దగ్గర సన్నగా పగులు కనబడింది. లావు స్క్రూ, రేకు కన్నంలో తనకి పట్టు ఇచ్చే నైలాన్ ముక్కని చీల్చి, ప్లాస్టిక్ చెవినీ విడగొట్టింది.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న షెడ్డు, లాకులూ తలుపులూ తప్ప వేరే పని ముట్టరు. అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన హ్యాండిల్ వైపు చూడను కూడా లేదు. తలుపు తెరిచి, అంచున ఉన్న లాకు నోట్లో వేలు పెట్టి చూపించారు.

"చూడమ్మా, ఇక్కడ గ్రీజన్న మాటే లేదు. లాకు ఎండిపోయింది. నువ్వు లాగే బలమంతా పోయి పోయి ఆ ఒక్క స్క్రూ మీద పడుతోంది. స్క్రూ ఎన్నాళ్లు మోస్తుంది?"

"మరి హ్యాండిల్ మార్చమంటారా బాబాయ్?"

"మార్చు. ముందు లాకు సంగతి చూడు. లేకపోతే ఆర్నెల్లకి కొత్తదీ ఇంతే."

ఆ మాట విన్నాక తలుపు లోపల జరిగేది నాకు మొదటిసారి అర్థమైంది. మనం లాగే మీట వెనక ఒక సన్నని ఇనుప కడ్డీ ఉంటుంది. అది తలుపు లోపలి నుంచి వెళ్లి లాకుని లాగుతుంది. మీటకి ఆధారం ఆ ప్లాస్టిక్ గిన్నె. గిన్నె కదలకుండా ఉంటేనే మీట లాగిన దూరమంతా కడ్డీకి అందుతుంది. గిన్నె ఐదారు మిల్లీమీటర్లు ఊగిందంటే ఆ మేరకు లాగుడు వృథా. లాకు పూర్తిగా విడవదు. విడవలేదని మనం ఇంకా గట్టిగా లాగుతాం, గిన్నె ఇంకా వదులవుతుంది. లాకు ఎండిపోతే ఈ చక్రం తొందరగా తిరుగుతుంది. పదహారేళ్ల దుమ్ము, వానలు, కృష్ణా గట్టున ఉండే తేమ, వీటన్నిటికీ లాకులో గ్రీజు మిగులుతుందనుకోవడం అత్యాశే.

అందుకే విప్పే ముందు ఒక నిమిషం పరీక్షించడం మంచిది. మీట ఏ బరువూ లేకుండా తేలిగ్గా వచ్చేస్తే కడ్డీ క్లిప్పు ఊడినట్టు. గిన్నె ఊగుతున్నా తలుపు తెరుచుకుంటుంటే స్క్రూ దగ్గర లోపం. మీట బిగుసుకుని కష్టంగా వస్తుంటే లాకు ఎండిపోయింది. లోపలి నుంచీ బయటి నుంచీ కూడా రాకపోతే లాకే పాడైంది, అది తెలిసినవాళ్ల చేతికి ఇవ్వాలి. వెనక తలుపైతే ముందు చైల్డ్ లాక్ చూడండి, పిల్లలు లోపలి నుంచి తెరవకుండా తలుపు అంచున ఉండే చిన్న మీట అది. మా పక్కింటివాళ్లు రెండు రోజులు హ్యాండిల్ పోయిందని తిరిగారు, చివరికి చూస్తే పిల్లాడు ఆ చిన్న మీట కిందికి నొక్కి ఉంచాడు. ఇంకొకటి, తలుపు సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. టకటకా కదిలితే బందులు అరిగి తలుపు జారింది. జారిన తలుపు లాకుని ఒరుసుకుంటూ ఉంటుంది కాబట్టి హ్యాండిల్ మీద బరువు అలాగే ఉంటుంది. మా కారుకి బందులు బాగానే ఉన్నాయి.

విప్పడంలో నాకు బాగా భయమేసింది గ్లాస్ దింపే హ్యాండిల్ దగ్గర. దానికి బయట స్క్రూ ఏదీ కనబడదు. వెనకాల గుర్రపు నాడా ఆకారంలో చిన్న తీగ క్లిప్పు పట్టుకుని ఉంటుంది. బాబాయ్ చెప్పిన పద్ధతి ఎంత తేలికో చేస్తే గానీ తెలియలేదు. పాత బనీను గుడ్డ పేలిక ఒకటి తీసుకుని, హ్యాండిల్‌కీ తలుపు లోపలివైపు కప్పి ఉండే ప్యాడ్‌కీ మధ్యలో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూట్లకి పాలిష్ పట్టినట్టు అటూ ఇటూ లాగాలి. గుడ్డ పోగుల్లో క్లిప్పు కొస చిక్కుకుంటుంది, నాలుగైదు లాగుళ్లకి టిక్కుమని ఊడుతుంది. ఎగిరిపోకుండా రెండో మనిషి అరచెయ్యి అడ్డం పెట్టాలి. మా అబ్బాయి పెట్టాడు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడ్ మీద గీతలు పడతాయి, క్లిప్పు ఎక్కడో పోతుంది.

తర్వాత చేతిపట్టు స్క్రూలు రెండు, గిన్నె స్క్రూ ఒకటి. ప్యాడ్ చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. వాటిని కింది మూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వదిలించాలి. ప్యాడ్ మధ్యలో పట్టి లాగకూడదు, పాత కార్లలో అది అట్ట, తేమకి మెత్తబడి ఉంటుంది, క్లిప్పుతోపాటు అట్ట ముక్క కూడా ఊడి వస్తుంది. నాకు పదకొండు క్లిప్పుల్లో నాలుగు విరిగాయి. ముందే డజను తెచ్చిపెట్టుకోవడం మేలైంది.

ప్యాడ్ తీయగానే కనిపించే ప్లాస్టిక్ షీటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చాలామంది దాన్ని చింపి పారేస్తారు. నాకంటే ముందు ఎవరో మా తలుపులో సగం చింపేశారు కూడా. వాన పడ్డప్పుడు గ్లాసు వెంబడి నీళ్లు తలుపు లోపలికి దిగడం మామూలే. అవి కింది కన్నాల గుండా బయటికి పోవాలి. ఆ నీళ్లు ప్యాడ్‌కి తగలకుండా ఆపేది ఈ షీటే. షీటు లేక మా ప్యాడ్ అట్ట ఉబ్బింది, గిన్నె స్క్రూ కన్నం చుట్టూ రేకు తుప్పు పట్టి గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి సాగింది. ఆ కన్నంలో ఏ స్క్రూ నిలుస్తుంది? మందపాటి పాలిథీన్ షీటు కొత్తది కత్తిరించి, సాగే నల్ల జిగురు పట్టీతో చుట్టూ అంటించాను. కింది కన్నాలు చీపురుపుల్లతో పొడిస్తే గుప్పెడు మట్టి రాలింది.

సాగిన కన్నానికి బాబాయ్ చూపించిన మందు, యు ఆకారంలో వంచిన రేకు క్లిప్పు. మడ్‌గార్డు, బంపరు స్క్రూలకి వాడేదే, స్క్రూ సైజు చెబితే ఇస్తారు. కన్నం పక్కనే రేకు అంచు ఉండటం వల్ల దాన్ని అంచు మీద నుంచి జరిపి కన్నం మీదికి తెచ్చాను. తుప్పు గీకి, ప్రైమర్ పూసి, ఆరాక పెట్టాను. ఇక స్క్రూ పట్టేది పాత రేకుని కాదు, కొత్త క్లిప్పుని. మళ్లీ మామూలు 8 నంబర్ స్క్రూనే వేశాను, తల కింద వెడల్పు వాషర్‌తో. కన్నం బాగున్నవాళ్లకి నైలాన్ ముక్క ఒక్కటి మారిస్తే చాలు. ఊడకుండా స్క్రూకి లాకింగ్ ద్రవం రాయమని ఒకరు సలహా ఇచ్చారు, నేను రాయలేదు. అది ఇనుముకి ఇనుము బిగించే చోట పనికొస్తుంది. కొన్ని రకాల ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు తెస్తుంది.

కడ్డీ చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్పు ముట్టుకుంటే పొడిపొడి అయింది. కొత్తది పది రూపాయలు. కడ్డీ రేకుకి తగిలి గలగలమనే చోట పలచని స్పాంజి టేపు చుట్టాను. ఆ శబ్దం ఎక్కడిదో తెలియక అంతకుముందు ఏడాదిపాటు డాష్‌బోర్డంతా వెతికాను.

లాకుకి ముందు స్ప్రే కొట్టి పాత జిడ్డు కడిగేశాను. కడగడం వరకే స్ప్రే పని, అది ఎక్కువ రోజులు ఉండదు. ఆరాక తెల్ల గ్రీజు పట్టించాను. గ్రీజు లోపలి దాకా పాకాలంటే తలుపు తెరిచి ఉంచి, లాకు నోటిని స్క్రూడ్రైవర్‌తో రెండు మూడుసార్లు మూసి తెరవాలి. మూసింది అలాగే వదిలేసి తలుపు వేస్తే లాకూ, ఎదుటి కొక్కెమూ రెండూ దెబ్బతింటాయి. బయటి హ్యాండిల్ ఎత్తి నోరు తెరిచాకే తలుపు వేయాలి. ఇది మరిచిపోకండి. గ్రీజు పెట్టాక కొత్త హ్యాండిల్ కూడా బిగించకముందే కడ్డీని రెండు వేళ్లతో లాగి చూశాను. టక్‌మని విడింది. అంతకుముందు అరచెయ్యి మొత్తం పెట్టి లాగినా రానిది.

హ్యాండిల్ విషయానికొస్తే రెండు రకాలు వాడి చూశాను. ఎడమ తలుపుకి 120 రూపాయలది, డ్రైవర్ వైపు 280 రూపాయలది. తక్కువ ధరదాని మీట ఇరుసు పిన్ను సన్నం, స్ప్రింగు బలహీనం. ఏడాదిన్నరకి మీట వెనక్కి రావడం మానేసింది. అప్పుడు అటువైపు కూడా 280దే వేశాను. కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి, కుడి ఎడమలు వేరు. స్క్రూ కూర్చునే చెవి మందం పోల్చి చూడండి, నేను డబ్బు పెట్టేది ఆ చెవి కోసమే. రంగు మాత్రం కలవలేదు. లేత గోధుమ రంగు ప్యాడ్ ఇరవై ఏళ్లలో పసుపు తిరిగింది, కొత్తది తెల్లగా విడిగా కనబడుతుంది. నాకు అది పట్టింపు కాదు.

ఐదేళ్ల లెక్క ఇది. డ్రైవర్ తలుపు రోజుకి తక్కువలో తక్కువ పదిసార్లు తెరుస్తాం. 2022 చివర్లో స్క్రూ పావు చుట్టు బిగించాను, తర్వాత ముట్టలేదు. ఏటా మృగశిర కార్తె లోపు లాకు నోటికి గ్రీజు పెడతాను, దానికి ప్యాడ్ విప్పక్కర్లేదు, తలుపు తెరిస్తే చాలు. వానలకి ప్యాడ్ ఉబ్బడం ఆగిపోయింది. గిన్నెని బొటనవేలితో నొక్కితే ఇప్పటికీ కదలదు.

ఇంట్లో ఒక అలవాటు కూడా మార్చుకున్నాం. తలుపు వేసుకునేటప్పుడు ఆ మీట గిన్నెలో వేళ్లు పెట్టి లాగేవాళ్లం. అది తెరవడానికి పెట్టింది, తలుపు బరువంతా లాగడానికి కాదు. వేసేటప్పుడు చేతిపట్టు పట్టుకోవాలి. అమ్మకి ఈ మాట ఒక్కసారే చెప్పాను, ఇప్పుడు కారెక్కిన ప్రతివాళ్లకీ ఆమే చెబుతుంది.

ఈ మధ్య కార్లలో కడ్డీ బదులు కేబుల్ ఉంటోంది, పవర్ విండో వైర్లు, కొన్నింటిలో తలుపు లోపలే ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ కూడా ఉంటాయి. వాటిని నేను విప్పలేదు, ఇదే పద్ధతి వాటికీ సరిపోతుందని చెప్పను.

నాలుగోసారి ఖర్చు, రెండు తలుపులకీ కలిపి, ఎడమవైపు తర్వాత మార్చిన హ్యాండిల్‌తో సహా వెయ్యి రూపాయల లోపే. మొదటి తలుపుకి నాలుగు గంటలు పట్టింది, రెండోదానికి గంటన్నర. పోయిన నెల వెనక ఎడమ తలుపు కూడా ఇలాగే చేశాను. ఇక కుడిది మిగిలింది. రేకు క్లిప్పు, నైలాన్ ముక్క, ప్యాడ్ క్లిప్పులు ఒక డబ్బాలో వేసి డిక్కీలో పెట్టి ఉంచాను.