చెమ్మ సంగతి తేల్చకుండా గోడలకు ఇన్సులేషన్ వేయించుకోకండి

పాత ఇంటికి ఇన్సులేషన్ (వేడీ చలీ గోడ దాటకుండా ఆపే పొర) చేయించి కరెంటు బిల్లు తగ్గించుకోవాలని అనుకుంటున్నవారు, కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మా ఇంట్లో జరిగినదాన్ని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. పని చేసిన సంస్థ పేరు రాయడం లేదు. పేరు కన్నా, వారు చేసిన పొరపాటు ఏమిటో తెలియడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

వచ్చినవారు అరగంటలో గదులన్నీ టేపుతో కొలిచి, గోడలకు లోపలివైపున 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ పలకలు, వాటిపై జిప్సమ్ బోర్డు, కిటికీలకూ తలుపులకూ రబ్బరు బీడింగు, సందులన్నిటికీ సీలెంటు అని కొటేషన్ రాసి ఇచ్చారు. అంత మందం థర్మోకోల్ వేడిని ఆపడంలో దాదాపు మీటరు మందం ఇటుక గోడతో సమానమని వారు చెప్పిన మాట నిజమే. అయితే పడకగది మూలన ఏళ్లుగా ఉన్న చెమ్మ మరకను నేను చూపించినప్పుడు, "పలక వేశాక అది కనిపించదు లెండి" అన్నారు. ఆ మాట విన్నప్పుడే పని ఆపించవలసింది. ఆపించకపోవడం నా తప్పు.

మొదటి చలికాలంలో హీటరు వాడకం తగ్గింది, బిల్లూ తగ్గింది, మేమూ సంతోషించాం. రెండో నెలకల్లా బీరువా వెనుక నుంచి ముక్కిపోయిన వాసన మొదలైంది. బోర్డు విప్పి చూస్తే గోడంతా నల్లని బూజు. కారణం తరువాత అర్థమైంది. 20 డిగ్రీల గది గాలిలో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదనైనా ఆ తేమ నీరుగా మారుతుంది. ఇన్సులేషన్ లేనప్పుడు గది వెచ్చదనం గోడకు కొంత అందేది. లోపలివైపు పలక వేశాక అసలు గోడ బయటి చలికి దగ్గరగా ఉండిపోయింది, పలకల అతుకుల సందుల్లోంచి వెళ్లిన గది గాలి అక్కడ చెమర్చింది. పైగా వంట, స్నానం, ఆరేసిన బట్టల నుంచి వచ్చే ఆవిరి పూర్వం సందుల గుండా బయటికి పోయేది; వాటన్నిటినీ మూసినవారు ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పెట్టలేదు. గోడలో అంతకుముందే ఉన్న చెమ్మకు ఆరే దారి కూడా మూసుకుపోయింది.

ఇంతకన్నా భయపెట్టిన సంగతి స్నానాల గదిలో బయటపడింది. అక్కడ గ్యాస్ గీజరు ఉంది; గాలి కోసం గోడలో వదిలిన రంధ్రాన్ని వారు ఫోముతో నింపేశారు. గాలి చాలకుండా గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, అది ప్రాణాలు తీస్తుంది. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు గమనించి చెప్పేదాకా మాకెవరికీ ఆ విషయం తట్టలేదు. మీ ఇంట్లో అటువంటి గీజరు ఉంటే, దాని గాలి దారిని ఎవరినీ ముట్టనివ్వకండి.

కరెంటు వైర్ల మీద నేరుగా థర్మోకోల్ ఆనించడం కూడా తప్పేనట. వైరు మీది పీవీసీ (ప్లాస్టిక్) తొడుగులోని మెత్తదనాన్నిచ్చే పదార్థం క్రమంగా థర్మోకోల్‌లోకి పోయి, తొడుగు బిరుసెక్కి పగులుతుంది.

ఇన్సులేషన్ వేసిన సంస్థవారే లోపలి గోడలకు "హీట్‌ప్రూఫ్ పెయింటు" కూడా అంటగట్టబోయారు, అది మాత్రం వద్దన్నాను. ఇంటి పైకప్పుకు బయటివైపు వేసే తెల్లని పూత ఎండను తిప్పికొడుతుంది కాబట్టి పనికొస్తుంది. లోపలి గోడ మీది మిల్లీమీటరు పూత సంగతి వేరు: ఆ మందమంతా వేడిని బాగా ఆపే కదలని గాలే అనుకున్నా, 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ ఇచ్చే రక్షణలో ముప్ఫయ్యో వంతు కూడా రాదు.

కాబట్టి చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో, అంటే పైపు కారుతోందా, వాన నీరు దిగుతోందా, నేలలోంచి ఎక్కుతోందా అన్నది తేల్చి సరిచేసిన తరువాతే కొటేషన్ అడగండి. గుమ్మంలో ఫ్యాను బిగించి, ఇంటి లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల పీడన తేడా కల్పించి గాలి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష ఉంది. అది చేయగలరా అని అడిగితే ఎదుటివారికి పని ఎంత తెలుసో సగం అక్కడే బయటపడుతుంది. సందులు మూసే ఖర్చు పక్కనే గాలి మార్పిడి ఏర్పాటు ఖర్చు కూడా రాయించుకోండి. బోర్డు మూసే ముందు ప్రతి గోడకూ ఫోటోలు తీయండి, చివరి వాయిదాను ఒక చలికాలం గడిచేదాకా ఆపుకొనేలా ఒప్పందంలోనే రాయించండి. మా వారంటీ కాగితం బోర్డు ఊడితేనే వర్తిస్తుంది, బూజు ప్రస్తావనే అందులో లేదు. సంతకం చేసే ముందు నేనది చదవలేదు.

ప్రస్తుతం రెండు గదుల గోడలను ఇటుక కనిపించేదాకా విప్పి ఆరబెడుతున్నాం. తీసిన పలకలు వరండాలో పేర్చి ఉన్నాయి. చెమ్మ మూలం దొరికి గోడ పూర్తిగా ఆరేవరకు వాటిని మళ్లీ బిగించబోవడం లేదు.