ఐఎల్-6 చేయించాలా, పీడీ-ఎల్1 చేయించాలా?

పర్లాకిమిడిలో మా ల్యాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఫైళ్లు పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువమంది విశాఖలో చూపించుకుని వచ్చినవాళ్లే. గుణుపూర్ రైలు దిగి నేరుగా వచ్చేస్తారు. మొన్న ఒకబ్బాయి వాళ్ల నాన్న కాగితాలు బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, రెండు టెస్టుల పేర్లు చెప్తున్నారు. రెంటికీ డబ్బు చాలదు. ఏది చేయించమంటావు?" అని అడిగాడు.

పీడీ-ఎల్1 అని చెప్పాను.

ఐఎల్-6 రక్తంలో తిరిగే ఒక ప్రొటీన్, కణాల మధ్య కబురు లాంటిది. రక్షక కణాలూ, కొన్నిసార్లు క్యాన్సర్ కణాలూ దాన్ని వదులుతాయి. అది అందుకుని కాలేయం సీఆర్పీ అనే ఇంకో ప్రొటీన్ తయారుచేస్తుంది. ఐఎల్-6 ఎక్కువున్న రోగులు సగటున తక్కువకాలం బతుకుతున్నారని చాలా అధ్యయనాల్లో తేలింది, కాదనను. కానీ టీబీ ఉన్నా, న్యుమోనియా వచ్చినా, ఏ చీము పట్టినా అది పెరుగుతుంది. మా వైపు టీబీ మందులు మింగుతుండగా క్యాన్సర్ బయటపడినవాళ్లు ఉన్నారు. వాళ్ల రిపోర్టులో పెరిగిన అంకె ఏ జబ్బుదో ఎలా చెప్తాం? పైగా రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం త్వరగా వేరుచేసి చల్లగా ఉంచకపోతే ఆ అంకెనే నమ్మలేం. దూరం పంపే ఊళ్లలో ఇది చిన్న ఇబ్బంది కాదు. అన్నిటికీ మించి, ఆ అంకెను బట్టి డాక్టరు మందు మార్చరు.

ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో తెలియాలంటే మామూలు సీఆర్పీ, రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్ చూస్తే చాలు. సీఆర్పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి, ఆల్బుమిన్ 35 గ్రాముల కిందికి పడితే పరిస్థితి బాగాలేదని, ఈ రెండు అంకెలతో లెక్కగట్టే గ్లాస్గో స్కోరు చెప్తుంది. ఈ రెండూ మా ఊళ్లోనే అవుతాయి.

పీడీ-ఎల్1 సంగతి వేరు. అది క్యాన్సర్ కణం పైన ఉండే ప్రొటీన్, చంపడానికొచ్చిన టీ-కణం అనే రక్షక కణాన్ని వెనక్కి తిప్పేస్తుంది. చిన్నకణం రకం కాని క్యాన్సర్‌లో 50% లేదా అంతకంటే ఎక్కువ కణాల మీద అది కనిపిస్తే, ఆ అడ్డు తీసి రక్షక కణాలను పనిచేయించే ఇమ్యూనోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే, కీమో లేకుండా ఇవ్వొచ్చు. అలాంటి రోగుల మీద జరిగిన కీనోట్-024 ప్రయోగంలో ఆ మందుతో మొదలుపెట్టినవాళ్లలో ఐదేళ్లకు దాదాపు 32% మంది బతికున్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16%. అంటే ఈ అంకె వైద్యాన్నే మారుస్తుంది. బయాప్సీ ముక్క మైనపు బ్లాకులో ఉంటుంది కాబట్టి దారిలో సీరంలా త్వరగా పాడవుతుందన్న భయం కూడా లేదు. కనీసం 100 చెడిపోని క్యాన్సర్ కణాలు మాత్రం అందులో ఉండాలి.

అయితే ఆ మందు ఖరీదు లక్షల్లో. అందుకే అదే బ్లాకు నుంచి ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో కూడా చూడమని అడగమన్నాను. పొగతాగని ఆ అబ్బాయి నాన్నలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండే అవకాశం ఎక్కువ. అది ఉంటే మాత్రలు పనిచేస్తాయి, పీడీ-ఎల్1 ఎంత ఎక్కువున్నా ఇమ్యూనోథెరపీ వైపు ముందుగా వెళ్లరు. ఈజీఎఫ్ఆర్ మాత్రల్లో జనరిక్‌లు దొరుకుతాయి. ఆ కుటుంబానికి నేను మొక్కుకునేది ఆ ఫలితం కోసమే.

అన్నీ విని, "మరి నాన్న ఎన్నాళ్లుంటాడో ఏ టెస్టులో తెలుస్తుంది?" అన్నాడు.

ఏ ఒక్క టెస్టులోనూ తెలియదు నాయనా అన్నాను. జబ్బు ఏ దశలో ఉంది, తన పనులు తను చేసుకోగలుగుతున్నాడా, బరువు ఎంత తగ్గాడు, ముందుగా డాక్టరు చూసేవి అవే. నాన్న ఇంకా పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడని చెప్పి, బ్లాకు కోసం అక్కడే నిలబడి విశాఖకు ఫోన్ కలిపాడు.