జాగ్రత్త: బటన్ నొక్కితే డేటాబేస్‌లో ఎక్కిపోతుందని అమ్మే ఎక్సెల్ టెంప్లేట్లు

పలాస, కాశీబుగ్గ, మందస వైపు జీడి యూనిట్లు నడిపేవాళ్లు, సోంపేట, కంచిలిలో కొబ్బరి వ్యాపారం చేసేవాళ్లు, రాజాం, బొబ్బిలి వైపు చిన్న మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఎక్సెల్ టెంప్లేట్ తెగ అమ్ముతున్నారు. చీటీలో వివరాలు కొట్టి కింద బటన్ నొక్కితే చాలు, అంతా దానంతటదే డేటాబేస్‌లో ఎక్కిపోతుంది, నెలాఖరుకి రిపోర్టు రెడీగా ఉంటుంది అంటారు. మా యూనిట్‌కి 2,999 రూపాయలు పెట్టి తీసుకున్నాం. డబ్బులు పోతే పోయాయి, కానీ దీనివల్ల పొట్టు తీసే ఆడవాళ్ల కూలి లెక్క తప్పింది, నాకు అసలు కోపం అక్కడే. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే ఫైలుని రంగులూ పేర్లూ మార్చి చాలామంది అమ్ముతున్నారు, కాబట్టి అది ఎలా పనిచేస్తుందో చూసి గుర్తుపట్టండి.

ముందు ఒక మాట, ఈ ఆలోచన మోసం కాదు. ఎక్సెల్ 97 రోజుల్లోనే టెంప్లేట్ విజార్డ్ అని ఒక యాడ్-ఇన్, అంటే ఎక్సెల్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉండేది. బిల్లు ఫారంలో ఏ గడి డేటాబేస్‌లో ఏ కాలమ్‌కి వెళ్లాలో ఒకసారి చెప్పి పెడితే, బిల్లు సేవ్ చేసినప్పుడల్లా ఒక రికార్డు పడేది. తర్వాతి వెర్షన్లలో దాన్ని తీసేశారు. ఇప్పుడు అమ్ముతున్నవన్నీ ఎవరికి వాళ్లు మాక్రోలు (ఎక్సెల్ లోపల దానంతటదే పని చేసే చిన్న ప్రోగ్రాములు) రాసి చేసినవే, వెనకాల ఒక యాక్సెస్ ఫైలు (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్) ఉంటుంది, బటన్ నొక్కితే మాక్రో చీటీలోని విలువలు తీసుకుని ఆ ఫైల్లో ఒక వరస చేరుస్తుంది. సరిగ్గా రాస్తే చక్కగా పనిచేస్తుంది. సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో చెప్తాను.

మొదటిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది తేదీ. మనం 4-5 అని కొడితే మే నెల 4. కానీ యాక్సెస్‌కి మాక్రో ద్వారా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి ఆదేశాలిచ్చే భాష) వాక్యంలో తేదీని ఆ రూపంలోనే పంపితే అది అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత అని చదువుతుంది, అంటే ఏప్రిల్ 5 అని రాసుకుంటుంది. మీ కంప్యూటర్లో సెట్టింగ్ ఇండియా అని ఉన్నా సరే, ఆ వాక్యం లోపల దాని పద్ధతి దానిదే. ఇందులో ఇంకో చిక్కు ఉంది. 13 నుంచి నెలాఖరు దాకా వచ్చే తేదీలు మాత్రం సరిగ్గానే పడతాయి, 25వ నెల అనేది లేదు కాబట్టి అది దానంతటదే సర్దుకుని తేదీగా చదువుకుంటుంది. అందుకే డెమోలో నెల రెండో సగంలోని తేదీ వేసి చూపిస్తే ఎవరికీ అనుమానం రాదు. మాకు డెమో చూపించినప్పుడూ అన్నీ ఇరవై దాటిన తేదీలే.

మా దగ్గర జీడి పిక్కల సీజన్ వేసవిలో, మార్చి నుంచి మే దాకా కాటా ఖాళీ ఉండదు. ఉద్దానం ఊళ్ల నుంచి రైతులు తెస్తారు, 80 కిలోల బస్తా లెక్కన బేరం, తరుగు ఎంత, హమాలీ ఎంత, అడ్వాన్సు ఎంత పోయింది అన్నీ చీటీ మీదే రాస్తాం. ఆ చీటీలే ఇందులో ఎక్కించాం. మే 1న కొన్న సరుకు జనవరి 5కి వెళ్లిపోయింది. మే 12న కొన్నది డిసెంబర్ 5న కొన్నట్టు పడింది, అంటే ఇంకా రాని తేదీ! నెలవారీ రిపోర్టు తీస్తే మే నెలలో మొదటి పన్నెండు రోజుల్లో ఒక్క అయిదో తేదీ తప్ప మిగతావన్నీ వేరే నెలల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రైతు దగ్గర నేరుగా కొన్న పిక్కల మీద జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారు రివర్స్ చార్జ్ కింద కట్టాలని తెలుసు కదా, ఆ లెక్క ఏ నెలది ఆ నెలలో చూపించాలి. ఈ రిపోర్టు నమ్మి ఆడిటర్ గారికి పంపేసి ఉంటే ఎంత టెన్షన్ అయ్యేదో మీరే ఆలోచించండి.

కూలి సంగతి ఇంకా దారుణం. పొట్టు తీసేవాళ్లకి కిలోల లెక్కన వారం వారం బట్వాడా. ఒకావిడ వచ్చి "నా మంగళారం కేజీలు లేవేటి బాబూ" అని అడిగింది. స్క్రీన్ మీద చూస్తే నిజంగానే లేవు, తూకం పుస్తకంలో మాత్రం ఆమె పేరు ఎదురుగా ఉన్నాయి. తూకం దగ్గర కాగితం మీద రాసే పద్ధతి మానలేదు కాబట్టి సరిదిద్ది డబ్బులు ఇచ్చాం. ఆ పుస్తకం లేకపోతే కంప్యూటర్‌లో లేదు కాబట్టి నువ్వు చేయలేదు అని ఆమెతో అనాల్సి వచ్చేది, రోజంతా కూర్చుని పొట్టు తీసిన మనిషితో ఆ మాట ఎలా అంటాం? యజమానులందరికీ ఒక్కటే చెప్తున్నా, ఇంకొకళ్ల కూలి ఆధారపడి ఉన్న లెక్కని పరీక్షించకుండా ఇలాంటి ఫైలు మీద వదలొద్దు.

ఆమె కిలోలు పోయింది తేదీ వల్ల కూడా కాదు, అసలు రికార్డే పడలేదు. ఇది రెండో లోపం. మాక్రోలో తప్పు వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైనుకి వెళ్లిపో అని చెప్పే ఒక ఆదేశం ఉంటుంది, ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని. దాన్ని పైన పెట్టేసి, చివర్లో సేవ్ అయింది అని మెసేజ్ పెట్టారు. కిలోల గడిలో 18 కి బదులు 18కేజీ అని కొట్టినా, ఆ సమయానికి డేటాబేస్ ఫైలు ఇంకో కంప్యూటర్లో లాక్ అయి ఉన్నా రికార్డు పడదు, కానీ సేవ్ అయింది అని మెసేజ్ మాత్రం వస్తుంది, గడులన్నీ ఖాళీ అయిపోయి కొత్త చీటీ వస్తుంది. ఆ మెసేజ్ చూసి ఎవరైనా నమ్ముతారు, నమ్మకపోవడానికి కారణమేముంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు, కొన్నవాళ్లకి అబద్ధం చెప్పడమే.

ఇక పాత చీటీ తెరిచి రేటు సరిదిద్ది మళ్లీ బటన్ నొక్కితే పాతది మారదు, పక్కన ఇంకోటి చేరుతుంది. అంటే ఒకే సరుకు రెండుసార్లు కొన్నట్టు. చీటీ నంబరు ఒకటే అయితే రెండోసారి తీసుకోకూడదు అనే కట్టడి టేబుల్‌కి పెట్టడం పెద్ద పని కాదు, వీళ్లు పెట్టలేదు.

ఇవన్నీ ముందే ఎందుకు కనిపెట్టలేకపోయాం అంటే డేటాబేస్ ఫైలుకి పాస్‌వర్డ్, అది అమ్మినవాళ్ల దగ్గరే. మాక్రో కోడ్‌కీ తాళమే. మన సరుకు, మన రైతుల పేర్లు, మన కూలీల లెక్క, లోపల ఏముందో మనం చూడకూడదట. అడిగితే అడ్మిన్ వెర్షన్ కొనండి, దానికి వేరే డబ్బులు అన్నారు. గట్టిగా అడిగాక పాస్‌వర్డ్ ఇచ్చారు, అది కూడా తేదీల స్క్రీన్‌షాట్ పంపాకే. ఆ తర్వాత రీఫండ్ అడిగితే డిజిటల్ సరుకు వాపసు లేదని ఒక్క ముక్క రాసి నంబరు బ్లాక్ చేశారు. బిల్లు లేదు, చిరునామా లేదు, యూపీఐ ఐడీ ఒక్కటే ఉంది.

ఇంకో విషయం, ఇది లెక్కలకి సంబంధం లేకపోయినా అంతే ముఖ్యం. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగా ఆపేస్తోంది, వైరస్‌లు ఎక్కువగా ఆ దారిలోనే వస్తున్నాయని. వీళ్ల సూచనల వీడియోలో అన్ని మాక్రోలూ ఎనేబుల్ చేసేయండి, యాంటీవైరస్ కాసేపు ఆపండి అని ఉంది. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. అలా సెట్టింగ్ మార్చితే రేపు మెయిల్లో వచ్చే ఏ దొంగ ఫైలుకైనా తలుపు తీసి పెట్టినట్టే, అదే కంప్యూటర్లో మీ బ్యాంకు పని కూడా చేస్తుంటారు. మీకు పూర్తి నమ్మకం ఉన్న ఫైలైతే దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ ఒక్కదాన్నే అన్‌బ్లాక్ చేయొచ్చు.

అయినా ఇలాంటిది కొనాలనుకుంటే డబ్బులు పంపకముందే ఇవి అడగండి. మీ కంప్యూటర్లో, మీ చీటీతో, నెల మొదటి వారంలోని తేదీ వేసి, ఉదాహరణకి జూన్ 3, బటన్ నొక్కమనండి. తర్వాత డేటాబేస్ టేబుల్ మీ ఎదురుగా తెరిచి నెల పేరు అక్షరాల్లో కనిపించేలా పెట్టి చూపించమనండి. మార్చి అని వస్తే అక్కడే ఆపేయండి. కిలోల గడిలో కావాలని అక్షరాలు కొట్టండి, అది ఒప్పుకోకుండా అరవాలి, ఊరుకుంటే పనికిరాదు. అదే చీటీ రెండుసార్లు సేవ్ చేయండి. డేటాబేస్ ఫైలు పేరు మార్చేసి బటన్ నొక్కండి, అప్పుడు కూడా సేవ్ అయింది అంటే ఇంక చెప్పేదేముంది. పాస్‌వర్డ్ ఇస్తారా, డేటా మన హార్డ్‌డిస్క్‌లో ఉంటుందా లేక వాళ్ల గూగుల్ డ్రైవ్‌కి పోతుందా అనేది రాతపూర్వకంగా తీసుకోండి. మీ ఆఫీస్ 64 బిట్ అయి టెంప్లేట్ పాతకాలం 32 బిట్ కోసం రాసినదైతే అందులోని మాక్రో అసలు నడవకపోవచ్చు, అది కూడా ముందే చూడాలి.

నిజానికి రోజుకి కొన్ని పదుల చీటీలు ఉండే చిన్న యూనిట్‌కి ఇంత అక్కర్లేదు. ఎక్సెల్‌లోనే ఒక టేబుల్ చేసుకుని, ఫారం అనే కమాండ్‌ని పైన క్విక్ యాక్సెస్ బార్‌లో పెట్టుకుంటే 32 కాలమ్‌ల దాకా ఒక్కో రికార్డు చీటీలా నింపుకోవచ్చు, మాక్రో అవసరమే లేదు. కిలోల కాలమ్‌లో అంకెలు తప్ప ఏదీ పట్టకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టుకుని షీట్‌లోనే కొట్టుకున్నా సరిపోతుంది. ఒక షీట్‌లో పది లక్షలకు పైగా వరసలు పడతాయి, మన సీజన్ లెక్కలకి అది చాలా ఎక్కువ. ఫోన్లో తూకం దగ్గరే కొట్టాలంటే గూగుల్ ఫారం ఉచితం, అది నేరుగా షీట్‌లో వరసగా పడుతుంది.

మోసపోయినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. వ్యాపారం కోసం కొన్నది కదా అని అవతలివాళ్లు అనొచ్చు, కానీ సొంతంగా పనిచేసుకుంటూ బతుకుతెరువు కోసమే కొన్నవాళ్లని 2019 వినియోగదారుల చట్టం వినియోగదారుగానే చూస్తుంది. డబ్బులు తీసుకుని ఫైలే పంపకుండా మాయమైతే అది సైబర్ మోసం, వెంటనే 1930కి చెప్పండి. చాటింగ్, యూపీఐ రసీదు, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈరోజే ఎంట్రీలు ఆపండి. ముందు డేటాబేస్ ఫైలు కాపీ ఒకటి వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి, తర్వాత టేబుల్‌ని తేదీ వరసలో పెట్టి చూడండి, రాబోయే నెలల తేదీలు కనిపిస్తే మీదీ ఇదే రోగం. అంతమాత్రాన అన్ని తేదీలూ ఒకేసారి తిరగేయొద్దు, సరిగ్గా పడినవి కూడా చెడిపోతాయి. చీటీ నంబరు పట్టుకుని కాగితంతో ఒక్కొక్కటి సరిచూసుకోవాలి, లేని చీటీలు, రెండుసార్లు పడినవి కూడా అప్పుడే బయటపడతాయి. కోడ్ తెరిచి చూసే వీలుంటే తెలిసిన కుర్రాడితో తేదీని సంవత్సరం-నెల-తేదీ వరసలో పంపేలా మార్పించండి, ఆ రెజ్యూమ్ నెక్స్ట్ లైను తీయించండి. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లు 20వ తేదీకి వేసే 3బీ రిటర్న్ లోపే ఈ పని చేసుకోండి, దానికన్నా ముందు ఈ వారం బట్వాడా లెక్క తూకం పుస్తకంతో సరిచూడండి.